పుర్రచేతికి తగిన సిరా

గువ్వది పుర్రచేతి వాటం. అసలు పేరు కాలేజీ రిజిస్టరులో ఉంది కానీ, ఇంట్లో ఎవరికీ దానితో పని పడలేదు. లా మొదటి సంవత్సరంలో చేరిన మూడు నెలలకే ఆమె ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. మూడేసి గంటల పరీక్షలు. బాల్‌పెన్ను కాగితంలోకి దిగబడేలా నొక్కి రాసే అలవాటు. డాక్టరు వేలిని అటూ ఇటూ వంచి చూసి, "రాయడం మానక్కర్లేదమ్మా, నొక్కడం మానెయ్. ఇంకు పెన్ను వాడి చూడు. దానికి బరువు అక్కర్లేదు" అన్నాడు.

ఆ సాయంత్రమే గువ్వ పెన్నుల షాపుకు వెళ్లింది. వరసగా పేర్చిన రంగుల సీసాలు చూడగానే మతి పోయింది. ఒక పెన్నూ, ఎండితే అంచుల్లో బంగారు మెరుపు వచ్చే ఊదారంగు సిరా ఒకటీ తీసుకుంది. వాటికి జతగా అద్దంలా నున్నగా ఉన్న నోటుపుస్తకం. షాపు ఆవిడ ఏదో చెప్పబోతే, "నాకు తెలుసండీ, అన్నీ చూసుకునే వచ్చాను" అని సీసా సంచిలో వేసేసుకుంది.

పెన్ను వెన్నలా సాగింది. వేలికి హాయిగానే ఉంది. కానీ కుడిచేతివాళ్ల చెయ్యి రాసినదాన్ని వదిలి ముందుకు పోతుంది. గువ్వ చెయ్యి రాసినదాని మీదుగానే పోతుంది. గంట తిరిగేసరికి పేజీ నిండా ఊదా మబ్బులు కమ్ముకున్నాయి. అరచేతి అంచు వంకాయరంగుకు తిరిగింది. వారం తర్వాత లెక్చరర్ మేడమ్ ఆమె అసైన్‌మెంటును రెండు వేళ్లతో పట్టుకుని తిరిగిచ్చింది.

"ఇది జవాబా, ఇల్లు తుడిచిన గుడ్డా?"

"చెయ్యి తగిలి అలుక్కుపోయింది మేడమ్."

ఆవిడ గొంతు తగ్గించింది. "చూడమ్మా, వేలి నొప్పికి నీకు డాక్టరు సర్టిఫికెట్ ఉందిగా. నువ్వు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని ఇస్తారు. అప్లికేషన్ పెట్టుకో. అందులో తప్పేం లేదు."

"తప్పని కాదు మేడమ్. రాస్తూ ఉంటేనే నాకు ఆలోచన నడుస్తుంది. నోటితో చెప్పమంటే రెండో ముక్కకే దారి తప్పుతాను. నెల్రోజులు చూడనివ్వండి. అప్పటికీ కుదరకపోతే నేనే అప్లికేషన్ తెచ్చిస్తాను."

"నెల్రోజులకే ఇంటర్నల్ పరీక్ష."

"తెలుసు మేడమ్."

గువ్వ నాన్న పుస్తకాల బైండరు. కాగితాన్ని కళ్లతో కాదు, బొటనవేలితో చూసేవాడు. కూతురి నోటుపుస్తకంలో ఒక పేజీని నిమిరి నవ్వాడు.

"గొప్ప కాగితమే తల్లీ. కానీ ఇది తాగదు. సిరా పైనే కూర్చుంటుంది. నీకు తాగే కాగితం కావాలి. అలాగని తాగుబోతు కాకూడదు."

మర్నాడు ఆయన పనిచేసే చోట మిగిలిన ముక్కలు పదకొండు రకాలు తెచ్చి వంటింటి బల్లమీద పరిచాడు. గువ్వ ఒక్కోదానిమీద గీత గీయడం, నానమ్మ అంకెలు లెక్కపెట్టడం, గీతను వేలితో రుద్ది చూడడం. ఒకటికీ రెండుకీ మధ్యలో నానమ్మ పక్కింటి కబురొకటి మొదలుపెట్టింది.

"నానమ్మా, నువ్విలా లెక్కపెడితే రాయి కూడా ఆరిపోతుంది!"

"రాయెందుకు ఆరుతుందే? ముందది తడవాలిగా."

చివరికి గడియారం తెచ్చి నానమ్మ ముందు పెట్టారు. నున్నటి కాగితం మీద ఊదా సిరా ఆరడానికి ఇరవై ఎనిమిది సెకన్లు పట్టింది. అన్నిటికన్నా మేలైన ముక్కమీద తొమ్మిది. తొమ్మిది సెకన్లలో గువ్వ నాలుగు మాటలు రాసి, నాలుగింటినీ తుడిచేయగలదు.

"పోనీ, ఆ రాసిపెట్టే మనిషిని పెట్టుకోరాదుటే?" అంది నానమ్మ.

"వద్దు నానమ్మా."

"ఇది పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎవరి పోలికో!" అన్నాడు నాన్న.

"ఎవరిదేమిట్రా, అచ్చం నీ పోలికే."

గువ్వ మళ్లీ షాపుకు వెళ్లింది. "ఆ రోజు మీరు చెప్పబోతే వినలేదు. ఇప్పుడు చెప్పండి."

ఆవిడకు నవ్వొచ్చింది. "ఆ మెరుపుందే, అది లోపలికి ఇంకకుండా పైన నిలబడ్డ సిరా. నువ్వు అందం చూసి కొన్నావు. ఆరడం చూసి కొను." ఒక మామూలు నీలం సిరా, ఒక సన్న పాళీ ముందు పెట్టింది. "పాళీ ఎంత సన్నమైతే అంత తక్కువ తడి. సరే గానీ, నువ్వు ఏ కాగితం మీద రాయాలి?"

గువ్వ నాలుక కరుచుకుంది. పరీక్షలో కాగితం వాళ్లిచ్చేది. పదకొండు రకాలు పరీక్షించింది కానీ, అసలుదాన్ని ముట్టుకోనే లేదు.

ఇంటికొచ్చి, కిందటి పరీక్షలో దిద్ది ఇచ్చేసిన తన జవాబుల బుక్కు వెతికి తీసింది. చివర మూడు ఖాళీ కాగితాలున్నాయి. పాత పాళీతో రాస్తే సిరా పాకి అక్షరాలకు మీసాలు మొలిచాయి, వెనకవైపుకు మచ్చలు దిగాయి. నీలం సిరా నింపి సన్న పాళీతో రాసింది. అక్షరం నిలబడింది. మూడు సెకన్లకు ఆరింది.

ఆ మూడు సెకన్లను ఇక ఏ సిరా తగ్గించదు. ఇక చెయ్యే మారాలి. కాగితాన్ని ఏటవాలుగా తిప్పి, మణికట్టును గీత కిందకు దించి రాయడం మొదలుపెట్టింది. మొదటి వారమంతా అక్షరాలు సంతకు పోయే జనంలా తలో దిక్కూ నడిచాయి. ఒకరోజు విసుగెత్తి పెన్ను మూత గోడకేసి కొట్టింది. నాన్న దాన్ని తీసి ఇచ్చాడు. గువ్వ పాళీ తుడుచుకుని, అదే పేజీ మళ్లీ రాసింది.

పరీక్షనాడు మొదటి రెండు గంటలు అనుకున్నట్టే సాగాయి. మూడో గంటలో అదనపు కాగితం అడిగింది. చేతికి రాగానే బొటనవేలు ఆగిపోయింది. ఇది వేరే రకం, నున్నగా జారుతోంది. దీనిమీద సిరా కూర్చుంటుందని రాయకముందే తెలిసిపోయింది. కానీ మార్చుకోవడానికి ఇంకేమీ లేదు, ఉన్నది చెయ్యి ఒక్కటే. మణికట్టును ఇంకాస్త కిందకు దించి, ఒక్కో వరస నెమ్మదిగా రాసుకుంటూ పోయింది. ఒకచోట చెయ్యి జారి ఒక మాట అలుక్కుపోయింది. కొట్టేసి, పక్కన మళ్లీ రాసింది. బెల్లు కొట్టేసరికి అయిదో జవాబు సగంలో ఉంది.

మార్కులు గొప్పగా ఏం రాలేదు. పాసయింది. లెక్చరర్ మేడమ్ ఆమెను ఆపింది.

"రాత ఒకటో తరగతి పిల్లలదానిలా ఉంది. కానీ ప్రతి ముక్కా చదవగలిగాను. అయిదోది తెలిసి కూడా సగంలో ఎందుకు వదిలేశావు?"

"టైం చాలలేదు మేడమ్. కొత్త చెయ్యి, ఇంకా నెమ్మదే."

"మరి అప్లికేషన్?"

"అక్కర్లేదు మేడమ్. ఫైనల్‌కి ఇంకా నాలుగు నెలలున్నాయి."

బొటనవేలి నొప్పి పూర్తిగా పోలేదు. కానీ మూడు గంటలు రాసి ఇంటికొచ్చాక కూడా ఆ వేలితో కుళాయి తిప్పగలుగుతోంది. గువ్వ చెయ్యి కడుక్కుని బల్ల దగ్గర కూర్చుంది. వదిలేసిన అయిదో జవాబును మొదటినుంచి చివరిదాకా రాసింది. గడియారం చూసుకుంటే ఇంకా ఆలస్యమే అయింది. మరో కాగితం ఏటవాలుగా తిప్పుకుని, మొదటి మాట నుంచి మళ్లీ మొదలుపెట్టింది.