గోడవతలి గిటారు

వదినది ఇస్త్రీ బల్ల, ఆడపడుచుది గంజి తొట్టి. ఇద్దరూ ఒకే లాండ్రీలో, ఒకే గదిలో, ఎదురెదురుగా ఏళ్ల తరబడి పనిచేశారు. ఆడపడుచు పుల్లలా ఉండి రోజంతా కిచకిచలాడేది కనక అందరికీ పిట్ట అయిపోయింది.

లాండ్రీకీ పక్కనున్న సినిమా హాలుకీ మధ్య ఒక్కటే గోడ. అవతల తన్నుకున్నా ఏడ్చుకున్నా ఇవతలికి వినిపించేది. రోజూ ఉండే గోలే కదా అని వీళ్లు చెవిన పెట్టేవారు కాదు.

ఒక వానాకాలం మాత్రం ఎక్కడిదో పాత సినిమా ఒకటి వచ్చింది. భాష ముక్క అర్థం కాదు. గిటారు వాయించే ఒక ముసలాయన గురించి అని మాత్రం హాల్లో టికెట్లు చింపే మావయ్య చెప్పాడు.

"ఆ సంగీతాన్ని బ్లూస్ అంటారమ్మా. కష్టమొచ్చినవాడు ఏడవకుండా పాడుకునే పాట."

"ఏడవకుండానా? వాడి గిటారు వెక్కి వెక్కి ఏడుస్తుంటేనూ!" అంది పిట్ట.

మ్యాటినీ మొదలైతే చాలు, గోడలోంచి ఆ తీగ సాగి సాగి, మనిషి మూలిగినట్టు పలికేది. వదిన చేతిలో ఇస్త్రీ పెట్టె తనంతట తానే ఆ పాటతో కలిసి నడిచేది. వెళ్లి చూద్దామంటే హోటలు దుప్పట్లు, ఆస్పత్రి కోట్లు కొండలా పేరుకుని ఉండేవి. ఇక చేసేదేముంది, చూడని సినిమాకి ఇద్దరూ కూర్చుని కథ అల్లేశారు. వాడు సన్నగా పొడుగ్గా ఉంటాడు. పెళ్లాం అలిగి వెళ్లిపోయింది. బయట ఎడతెగని వాన. చివర్లో తీగ టంగుమని తెగుతుంది, కాసేపు నిశ్శబ్దం, తలుపు కిర్రుమంటుంది, ఎవరో ఆడమనిషి నవ్వుతుంది. పేచీ అంతా అక్కడే.

"పోయాడే పాపం," అనేది వదిన.

"పోతే నవ్వుతారా ఎవరైనా? పెళ్లాం తిరిగొచ్చింది."

"అంత అలిగి వెళ్లింది, అంత తేలిగ్గా వస్తుందేమిటే?"

"మా అన్నయ్య మీద అలిగి పుట్టింటికెళ్లి, మర్నాటికే నువ్వు రాలేదూ?"

వదిన ఇస్త్రీ పెట్టె కింద డాక్టరుగారి కోటు కాలరు మాడింది.

ఒక శుక్రవారం ఆ సినిమా ఎత్తేశారు. గోడలోంచి కత్తి యుద్ధాలు మొదలయ్యాయి. "ఇంట్లో మనిషి ఊరెళ్లిపోయినట్టుంది వదినా," అని పిట్ట ఆ రోజు అన్నం సగంలోనే వదిలేసింది.

తర్వాత హాలు పోయింది, లాండ్రీ పోయింది. పిట్ట అన్నయ్యా పోయాడు. పిట్టకి చెవులు దాదాపు వినపడకుండా పోయాయి. వదిన మాత్రం కూతురి ఇంట్లో పప్పు ఏరుతున్నా, జడ వేసుకుంటున్నా ఆ పాటే కూనిరాగం తీసేది. ఒకరోజు కూతురు ఫోను ఆవిడ నోటి దగ్గర పెట్టింది. ఏం మాయో, ఆ కూనిరాగం విని ఫోను సినిమా పేరు చెప్పేసింది.

ఆదివారం మధ్యాహ్నం పిట్టని పిలిపించి, కూతురు టీవీలో ఆ సినిమా పెట్టింది. తెర మీదికి బట్టతల, కళ్లజోడు, బానపొట్టతో ఒకాయన వచ్చాడు.

"ఇతనా? ఎవరో గుమాస్తాలా ఉన్నాడే!" అంది వదిన. ఎంత చూసినా అది పరాయి సినిమాలాగే ఉంది. విసుగొచ్చి కళ్లు మూసుకుంది. మూసుకోగానే అదే తీగ, అదే మూలుగు, తడిబట్ట మీద లేచే ఆవిరి వాసనతో సహా వచ్చేసింది.

"వస్తోందా వదినా పాట?" పిట్ట గట్టిగా అడిగింది. వదిన ఆమె చెయ్యి ఒళ్లోకి లాక్కుని, అరచేతి మీద వేలితో ఆ సాగదీతలన్నీ గీసింది. పిట్ట తనకి కనిపిస్తున్నది చెప్పుకుపోయింది. తాము వాన అనుకున్నది వాన కాదట, బాణలిలో నూనె చిటపట. చివర్లో తీగ తెగింది. తలుపు తీసుకుని ఒకావిడ వచ్చి, కుర్చీలోనే నిద్రపోతున్న ఆయన్ని చూసి నవ్వింది.

"ఎవరే ఆవిడ?" అని పిట్ట అడిగితే, కూతురు కింద పడుతున్న అక్షరాలు చదివి, చేతులు తిప్పుతూ చెప్పింది. "వాళ్లక్కట అత్తా. ఆయనకసలు పెళ్లే కాలేదు!"

"ఓసినీ! పెళ్లికాని వాడి కాపురం గురించా మనం అన్నాళ్లు కొట్టుకున్నాం!" పిట్ట పొట్ట పట్టుకుంది. వదిన కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆగాక పిట్ట మెల్లగా అంది. "అన్నయ్య ఈ పాట ఈల వేసేవాడు, లాండ్రీ మూటలు మోసుకుంటూ మెట్లెక్కేటప్పుడు."

వదిన ఆ సంగతే మర్చిపోయింది. పెదాలు సున్నాలా చుట్టి ప్రయత్నించింది. ముందు గాలే వచ్చింది, తర్వాత సన్నగా ఈల వచ్చింది. అమ్మ ఈల వేయగలదని తెలియని కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. పాట మధ్యలో ఊపిరి అందక వదిన ఆగింది.

పెదాల వైపే చూస్తున్న పిట్ట ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "సరిగ్గా అక్కడే ఆగేవాడు. మూట దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలెట్టేవాడు."

వదిన ఊపిరి తీసుకుంది.