మావయ్య మాటల మూట

పక్షవాతం తగ్గాక మామగారికి మాటలైతే మిగిలాయి గానీ వాటి వరస మిగల్లేదు. సాయంత్రం బాల్కనీలో కూర్చోబెడితే "టీ, కుర్చీ, బాల్కనీ, కుర్చీ" అంటారు. మర్నాడు "కుర్చీ, బాల్కనీ, కుర్చీ, టీ" అంటారు. తీరా టీ ఇస్తే కప్పు తోసేస్తారు. నీళ్లిచ్చినా అంతే. ఇలాగే ఉంటే మళ్లీ ఆస్పత్రే గతి అని డాక్టరు హెచ్చరించాడు.

"నాన్నకి మతి పోయినట్టే ఉంది. రేపు కూడా తాగకపోతే చేర్పించేద్దాం" అన్నాడు కొడుకు, భార్యతో.

కోడలి ప్రాణం ఉసూరుమంది. కొత్త ఉద్యోగానికి ఆమె బెదురుతుంటే మొదటి వారమంతా ఆఫీసు గేటుదాకా తోడొచ్చిన మనిషాయన.

ఆ ఉద్యోగం కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం. ప్రస్తుతం పని ఒక సరుకుల దుకాణానిది. ఒకే సరుకులున్న బుట్టలన్నిటినీ ఒక గుంపులో వేయాలి. సబ్బు, బియ్యం, నూనె అన్నా, నూనె, సబ్బు, బియ్యం అన్నా బుట్ట ఒకటే కదా! అందుకని ఏ బుట్టకా బుట్ట సరుకుల పేర్లను అక్షరక్రమంలో పేర్చి, ఒకేలా తేలినవాటిని కలిపేసింది. ఏ పేరైనా రెండోసారి కనిపిస్తే పొరపాటున పడిందనుకుని తీసిపారేసింది.

మర్నాడు భూతద్దం వచ్చి పక్కన కూర్చుంది. ఆఫీసులో ప్రోగ్రాముల తప్పులు పట్టే అక్కకు అందరూ పెట్టిన పేరది.

"రెండు సబ్బులు కొన్నవాణ్ణీ, ఒకటి కొన్నవాణ్ణీ ఒకే గుంపులో వేశావేంటే తల్లీ? రెండోది వాడికి అక్కర్లేదని నీకు చెప్పాడా?"

"పొరపాటున పడిందేమో అనుకున్నానక్కా."

"వరస ఎలా మారినా పర్లేదు. లెక్క మారితేనే కొంప మునుగుతుంది."

కోడలు నాలుక కరుచుకుంది. ఆ వెంటనే ఆమెకు మామగారు గుర్తొచ్చారు. ఏ వరసలో చెప్పినా ఆయన కుర్చీ అన్నది రెండుసార్లు. నాలుక తడబడుతోందని ఇంటిల్లిపాదీ ఒకటి వదిలేశారు. సెలవడిగి ఇంటికి పరుగెత్తింది.

అత్తగారు ఎప్పటిలాగే బాల్కనీలో నిలబడి కప్పు పట్టుకుని బతిమాలుతోంది. ఆయన మంచాన పడ్డప్పటినుంచీ ఆవిడ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కోడలు లోపలినుంచి ఇంకో కుర్చీ తెచ్చి ఆయన పక్కన వేసింది.

"కూర్చోండత్తయ్యా."

"పొయ్యిమీద పాలున్నాయమ్మాయ్!"

"పొంగితే నేను తుడుస్తాగా. కూర్చోండి."

ఆవిడ చుట్టపుచూపుకొచ్చినదానిలా కుర్చీ అంచున కూర్చుంది. మామగారు కప్పును మళ్లీ తోశారు, ఆవిడ వైపుకి. ఆవిడ తెల్లబోయి ఒక గుక్క తాగింది. అప్పుడాయన చెయ్యి చాపి కప్పు అందుకున్నారు. అడుగంటా తాగారు.

"నొప్పి... నీకు... కాళ్లు..." అన్నారు.

అత్తగారు కొంగుతో ముఖం కప్పుకుంది.

"లేదండీ. ఇప్పుడు లేదు" అంది.