ఎర్రగుడ్డ విప్పిందెవరు

మా కొట్టులో ఎర్రగుడ్డ కట్టి ఉన్న సైకిలు జోలికి ఎవరూ వెళ్ళకూడదు. అది మా అత్తగారు పెట్టిన నియమం. గ్రీజు లేని చక్రానికి ఎర్రగుడ్డ కడతాం. గ్రీజు పెట్టిన చెయ్యే ఆ గుడ్డ విప్పాలి, నాలుగు మడతలు పెట్టి గోడమేకుకు తగిలించాలి. ఆవిడ కొట్టు నడిపినన్నాళ్ళూ అంతే. ఆవిడ మతిమరుపు ముదిరి పానాలు నా చేతికి వచ్చాక కూడా అంతే.

నిన్న మా ఆయన సైకిలు వెనక పళ్ళచక్రం తుప్పుపట్టి మొండికేసింది. దాన్ని విడిపించాలంటే తుప్పు నూనె వెయ్యాలి. ఆ నూనెకు తన పర భేదం లేదు. తుప్పుతో పాటు గ్రీజునీ తినేస్తుంది. సందు దొరికితే చక్రం మధ్యనున్న హబ్బులోకి దూరి బేరింగును శుభ్రంగా కడిగిపెడుతుంది. అందుకే పళ్ళవైపు కిందికి ఉండేలా చక్రాన్ని వాల్చి, సన్నటి కుంచెతో బొట్టుబొట్టుగా అద్ది, నానేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. కూర్చున్నాను. పళ్ళచక్రం ఊడింది. కానీ అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. హబ్బు విప్పి చూస్తే ఒక అంచున గ్రీజు పలచబడి కారుతోంది. అంతా కిరసనాయిలుతో కడిగి, బేరింగులోని ఉక్కుగుళ్ళు పళ్ళెంలో ఆరబెట్టి, చక్రానికి ఎర్రగుడ్డ కట్టాను. పొద్దున లేచి గ్రీజు పెట్టి బిగిద్దామనుకున్నాను.

పొద్దున లేచేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది. చక్రం లేదు, సైకిలు లేదు, మా ఆయనా లేరు.

ఆయన కొండమీది బేకరీలో రొట్టెలు ఎక్కించుకుని కింద ఉన్న దుకాణాలకు వేసి వస్తారు. ముందు పెద్ద రొట్టెల పెట్టె అడ్డమని చేతి బ్రేకు ఎప్పుడో తీసేశాం. ఉన్నదల్లా వెనక హబ్బులోని బ్రేకే. పెడలు వెనక్కి తొక్కితే పడుతుంది. ఆ కొండరోడ్డు మలుపుల్లో ఆయన ప్రాణం మొత్తం ఆ హబ్బులోనే ఉంటుంది. గ్రీజు పెట్టకుండానే బిగించుకుని వెళ్ళిపోయారేమో. గోడ వైపు చూడాలంటే కూడా భయమేసింది.

చూశాను. మేకుకు ఎర్రగుడ్డ ఉంది. నాలుగు మడతలు, అంచుకు అంచు కలిపి ఉంది.

అత్తగారు వసారాలో పీట మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నారు. గోళ్ళ నిండా గ్రీజు. గుడ్డ విప్పిందెవరని అడిగాను. తనేనన్నారు. నిద్ర పట్టక లేచారట, విప్పి ఉన్న హబ్బు చూస్తే చేతులు ఊరుకోలేదట, గుళ్ళన్నీ పేర్చి బిగించి కొడుక్కి ఇచ్చారట. "పొద్దెక్కేదాకా పడుకునే కోడలొస్తే నేనేం చెయ్యను," అన్నారు.

ఆ మాటకు నవ్వొచ్చింది. పోయిన ప్రాణం లేచి వచ్చింది. పొద్దున ఏం తిన్నారో చెప్పలేని మనిషి, గుళ్ళు పేర్చడం మరిచిపోలేదన్నమాట. సంతోషంగానే పొయ్యి వెలిగించి టీ పెట్టాను.

టీ అందుకుంటూ ఆవిడ విసుక్కున్నారు. "ఈ కొత్త మందు ఎందుకూ పనికిరాదమ్మాయ్. పొద్దుట్నుంచి రుద్దుతున్నా చల్లగా లేదు, జిడ్డోడుతూ బట్టలకంటుకుంటోంది."

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. రోజూ పుదీనా వాసన వచ్చే తెల్లటి మందు రాసుకుంటారు. వంగి చూశాను. రెండు మోకాళ్ళ మీదా తేనెరంగు పూత, మందంగా, నిగనిగలాడుతూ ఉంది. వేలితో తీసి వాసన చూశాను. అది మా బేరింగు గ్రీజు.

ఆవిడ మందు డబ్బాలు ఖాళీ అయితే మేం పారెయ్యం. చేతిలో ఇమిడిపోతాయని వాటిలోనే గ్రీజు నింపుకుంటాం. అదీ ఆవిడ నేర్పిన పద్ధతే. మందుదీ గ్రీజుదీ ఒకే డబ్బా, ఒకే మూత. అరలో నాది పైన, ఆవిడది కింద ఉండాలి. మరి గ్రీజు మోకాళ్ళకు చేరితే, మందు ఎక్కడికి చేరింది?

అరలోంచి రెండో డబ్బా తీసి మూత తిప్పాను. అడుగు కనిపిస్తోంది. నిన్ననే కొత్తగా తెచ్చిన మందు.

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. బాగుచెయ్యడానికి ఎవరో ఇచ్చిన సైకిలొకటి గోడకు ఆనించి ఉంటే ఎక్కేశాను. ఆ మందు వెచ్చదనానికే కరిగిపోతుంది. బ్రేకు వేడికి నీళ్ళైపోతుంది. ఆ తర్వాత బ్రేకు పట్టకుండా జారిపోనైనా పోతుంది, లేదంటే ఇనుము ఇనుమును కరుచుకుని చక్రం ఉన్నపళాన ఆగిపోతుంది. మలుపులో ఏది జరిగినా ఒకటే. పక్కన లోయ ఉంది. పిలుద్దామన్నా ఆయనకు వినపడదు, చెవుల దగ్గర గట్టిగా అరిస్తే తప్ప. పెళ్ళైన కొత్తలో ఆయన చెవుల మీద ఎన్ని జోకులు వేశానో. అవన్నీ ఇప్పుడు గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

బేకరీ ముందు ఆగీ ఆగకుండా అడిగాను. ఇప్పుడే వెళ్ళాడమ్మా అన్నాడు రొట్టెలు కాల్చే ఆయన. బేకరీ దగ్గర్నుంచి దిగుడు మొదలయ్యేదాకా రోడ్డు చిన్న చిన్న ఎత్తుపల్లాలు. ప్రతి పల్లంలోనూ ఆయన బ్రేకు వేసే ఉంటారు. ప్రతిసారీ ఆ మందు కొంచెం కరిగే ఉంటుంది. ఎవరైనా ఎదురొస్తే వాళ్ళ మొహాలు చూస్తూ తొక్కాను. ముందు ఏదైనా జరిగి ఉంటే ఆ మొహాల్లో కనిపిస్తుందని.

ఆఖరి మిట్ట ఎక్కాక ఆయన కనిపించారు.

దిగుడు మొదలయ్యే చోట, రోడ్డు పక్క రాతిగోడ మీద కూర్చుని ఉన్నారు. సైకిలు స్టాండు వేసి ఉంది. రొట్టెలు పెట్టెలో ఉన్నట్టే ఉన్నాయి. దెబ్బ లేదు, గీత లేదు. కానీ ఆయన మొహం పాలిపోయి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు.

"అమ్మకేమైంది?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన గబగబా చెప్పుకొచ్చారు. మిట్ట దిగుతూ బ్రేకు వేస్తే ఉన్నట్టుండి అమ్మ వాసన వచ్చిందట. మోకాళ్ళ మందు వాసన. పక్కనే నిలబడ్డంత దగ్గరగా. ముందుకు పోతే తగ్గిందట, మళ్ళీ బ్రేకు వేస్తే మళ్ళీ వచ్చిందట. ఊరి బయట, ఒంటరి రోడ్డు మీద అమ్మ వాసన ఎందుకొస్తుంది? ఇంట్లో ఏదో అయిపోయిందని భయపడ్డారట. సైకిలు దిగిపోయారట. వెనక్కి తిరిగేలోపు నేను వచ్చాను.

"చెప్పవేం? అమ్మ బాగానే ఉందా?"

నేను సైకిలు దగ్గర కూర్చుని హబ్బు అంచు చూపించాను. వెచ్చగా ఉంది. తెల్లటి చుక్కలు కరిగి చక్రం పుల్లల మీదికి కారుతున్నాయి. ఆయన వేలితో ముట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. సంగతంతా ఆయన చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. అరుస్తూనే ఏడ్చాను.

రొట్టెలు బేకరీలో దింపేసి రెండు సైకిళ్ళూ నడిపించుకుంటూ ఇంటికి వచ్చాం.

కొట్టులో హబ్బు విప్పాను. గుళ్ళు ఒక్కటి తక్కువ కాలేదు, ఒక్కటి ఎక్కువ కాలేదు. బిగింపు నేను బిగించే దానికన్నా బాగుంది. తెల్లటి మందు కూడా గ్రీజు పెట్టినట్టే, ఎంత మేరకో అంత మేరకే పెట్టి ఉంది. చేతులకు పని గుర్తుంది, ఏ డబ్బా ఏదో మాత్రం ఆవిడకు గుర్తులేదు. అది చూశాక, రోడ్డు మీద పడ్డ భయం చిన్నదనిపించింది.

అత్తగారు ఇంకా పీట మీదే ఉన్నారు. కొడుకును చూసి మొహం విప్పారింది. "చక్రం ఎలా తిరిగింది నాయనా?"

ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగారు, చెవుడు తనది కాదు ఆవిడదన్నట్టు. "బాగా తిరిగిందమ్మా," అన్నారు.

ఆవిడ నా వైపు గర్వంగా చూశారు. నేను మేకు మీది ఎర్రగుడ్డ తీసుకుని ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మోకాళ్ళ మీది గ్రీజు మెల్లగా తుడిచాను. అంతా పోయాక గుడ్డ మడతపెట్టబోయి ఆగాను. మేకుకు తగిలిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే లెక్క. ఆ మాట అనడానికి ధైర్యం చాలక, దాన్ని చేతిలోనే పట్టుకుని ఆవిడ పక్కన కూర్చుండిపోయాను.