రెండు వేళ్ల తేడా

తెల్లవారగానే కిలోంజో అలవాటుగా విమానం రెక్క ఎక్కి ట్యాంకు మూత తిప్పాడు. కొలకర్ర లోపలికి దించి, పైకి తీసి, తడి ఆగిన చోట బొటనవేలు పెట్టాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. తను తినే మొక్కజొన్న ఉగాలీ ముద్దకు కూడా ఇంధనం వాసన పట్టిందని భార్య వెక్కిరిస్తుంది. ఈ కర్ర కొత్తది. పాతది అతని ప్యాంటు కాలిలో దాగి మోకాలికి గుచ్చుకుంటోంది.

ఆ పాత కర్ర వేరే రకం విమానానిది. అసలుది విరిగితే మేనేజర్ వెకేసా దాన్ని తెచ్చి ఇచ్చాడు.

"చూపించిన దాంట్లో రెండు వేళ్లు తగ్గించుకో, చాలు."

గుర్తుగా గీత గీస్తానంటే కసిరాడు. "గీత కనిపిస్తే తనిఖీవాళ్లు అడగరా? తలలో పెట్టుకో."

అక్కడి పైలట్లంతా తలలోనే పెట్టుకున్నారు. మూడు నెలల క్రితం కెప్టెన్ ఒడేరా కొత్తగా వచ్చాడు. మొదటి రోజే, మందుల పెట్టెలతో బయల్దేరబోతూ తనే కర్ర ముంచి చూసుకున్నాడు.

"సరిపోతుందిగా, పెద్దాయనా?"

"సరిపోతుంది కెప్టెన్."

మేనేజర్ చెప్పే ఉంటాడు, రెండు వేళ్లు తగ్గించుకునే అడుగుతున్నాడనుకున్నాడు కిలోంజో. కెప్టెన్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కొండ దాటకముందే ఇంజను ఆగిపోయింది.

ఆ ప్రమాదం మీద ఇవాళ పది గంటలకు రేకుల షెడ్డులో విచారణ. గుమ్మం దగ్గర వెకేసా కిలోంజో చెవిలో గొణిగాడు.

"ఆ కర్ర పొయ్యిలో పెట్టావుగా? పైలట్ చూసుకోలేదని ఒక్క ముక్క చెప్పెయ్. పోయినోడికి ఉద్యోగమా, పరువా? నీకింకా రెండేళ్ల సర్వీసుంది."

ముందు బెంచీ మీద ఒడేరా భార్య భర్త టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిలోంజో ఆమె వైపు చూడలేకపోయాడు.

"పైలట్ ఇంధనం చూసుకున్నాడా?" అడిగాడు విచారణాధికారి.

"చూసుకున్నాడయ్యా, నా కళ్లముందే." వంగి, ప్యాంటులోంచి కర్ర లాగి బల్ల మీద పెట్టాడు. "దీంతోనే. ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నాకు తెలుసు. ఆయనకి చెప్పలేదు."

"మతి పోయిందా నీకు!" వెకేసా లేచాడు.

"అయితే తప్పు నీదేనా?" కిలోంజోని అడిగాడు అధికారి.

"నాదే. దీన్ని నా చేతికిచ్చినాయనదీను. చచ్చిపోయినాయనది మాత్రం కాదయ్యా."

ఒడేరా భార్య టోపీలో ముఖం దాచుకుని ఏడ్చింది.

వాంగ్మూలం కోసం స్టేషన్‌కి తీసుకెళ్లడానికి కానిస్టేబుల్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కిలోంజో గేటు పాసు తీసి ఇచ్చి, జీపు వైపు నడుస్తూనే, పొద్దున తిప్పిన ట్యాంకు మూత సరిగా బిగిసిందో లేదో ఒకసారి తల తిప్పి చూసుకున్నాడు. జీపు వెళ్లిపోయింది.

బల్ల మీద కర్ర మిగిలింది. దాని నిండా అంకెలూ గీతలూ ఉన్నాయి, అతను గీస్తానన్న ఆ ఒక్క గీత తప్ప.