లాజరస్ వాయించని శాక్సఫోన్

1988లో ఒక శనివారం మధ్యాహ్నం లాజరస్, భార్య విక్టోరియా సిడ్నీలోని పారమాటాలో ఒక పబ్ ముందునుంచి నడుస్తున్నారు. లోపల్నుంచి శాక్సఫోన్ కేక వినపడేసరికి దంపతులిద్దరూ ఆగిపోయారు.

"జంప్ బ్లూసండీ! అచ్చం మన వాల్తేరులోలాగే!" అంది విక్టోరియా.

పెళ్ళికి ముందు వాల్తేరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో అతను శాక్సఫోన్ వాయిస్తే ఆమె డాన్స్ చేసేది. ఓడల్లో వచ్చిన నావికుల రికార్డులు విని నేర్చుకున్న అమెరికన్ డాన్సు సంగీతం అది. ఐదారుగురే వాయించినా హాలంతా ఊగిపోయేది. సిడ్నీకొచ్చి హాస్పిటల్ ఉద్యోగంలో చేరాక ఆ శాక్సఫోన్ పెట్టెలోకి, ఆ పెట్టె బీరువా మీదికి ఎక్కేశాయి.

ఇద్దరూ లోపలికెళ్ళి విన్నారు. బ్యాండ్ నడిపే కెన్‌తో విక్టోరియాయే మాట కలిపింది. "వచ్చే శనివారం నీ శాక్స్ తెచ్చుకో, మేట్" అన్నాడతను లాజరస్‌తో.

"వెళ్దామండీ, ప్లీజ్" అంది విక్టోరియా బయటికొచ్చాక.

"పిచ్చా నీకు? నన్ను సంఘపెద్దగా పెడుతున్నారు. పబ్‌లో వాయిస్తున్నానని తెలిస్తే చర్చిలో తలెత్తుకోగలనా?"

ఆమె మళ్ళీ అడగలేదు. లాజరస్ సంఘపెద్ద అయ్యాడు. ఆ తర్వాత చిగుళ్ళు పాడై పైపళ్ళన్నీ తీయించుకుని కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడు.

1991లో, క్వేకర్స్ హిల్ ఇంట్లో, యూనివర్సిటీకి వెళ్ళే కొడుకు మెల్విన్ రేడియో పెంచాడు. "డాడ్, ఈ బీట్ విను. సో న్యూ!"

"కొత్తేంట్రా? ఆ డ్రమ్ము గెంతడం, ఆ శాక్స్ అరవడం, అంతా జంప్ బ్లూసే. రాకెన్‌రోల్ దాంట్లోంచే వచ్చింది. నీ పాట దాని మనవరాలు."

"హౌ డు యూ నో?"

"మీ డాడీ వాయించేవారు" అని విక్టోరియా శాక్సఫోన్ దించి తుడిచి తెచ్చింది. కొడుకు ఆశ్చర్యంగా చూశాడు. ఆ పెట్టెలో ఏముందో వాడికెవరూ చెప్పలేదు.

లాజరస్ నోట పెట్టుకుని ఊదాడు. శాక్సఫోన్ మూతి మీద పైపళ్ళు గట్టిగా ఆనాలి. కట్టుడుపళ్ళు జారిపోయాయి. ఒక కీచు, తర్వాత ఉత్త గాలి. మూడుసార్లు ప్రయత్నించాడు. మెల్విన్ మెల్లగా రేడియో ఆపేశాడు.

"నువ్వు అడిగిన రోజే వెళ్ళాల్సింది" అన్నాడు లాజరస్. "చర్చిలో ఏమనుకుంటారోనని..."

"నేను అడిగింది నాకోసమండీ, మళ్ళీ డాన్స్ చేద్దామని" అంది విక్టోరియా.

ఆ శనివారం ఆమెను పారమాటాలోని ఆ పబ్‌కే తీసుకెళ్ళాడు. బ్యాండ్ ఆగిపోయి ఏడాదైందని కౌంటర్ దగ్గరమ్మాయి చెప్పింది. టీవీలో ఫుటీ మ్యాచ్ నడుస్తోంది. విక్టోరియా లెమనేడ్ తాగుతూ కూర్చుంది. పక్కన లాజరస్ ఒకప్పుడు బ్యాండ్ వాయించిన మూలకేసి చూశాడు.