రుద్రమ్మ ఉండే గల్లీ

నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూడ్డానికి పంపే పింగ్ పలకరింపుకు పన్నెండో కంప్యూటరు కూడా బదులు పలికాక విజయేందర్ ల్యాబ్ కిటికీ తెరిచాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్, మూడో అంతస్తు. కింద కరపత్రాలు పంచేవాళ్ల అరుపులు అప్పుడే మొదలయ్యాయి. అతనికి ముప్పై నాలుగేళ్లు, సన్నటి మెడ, కేబుల్ కొసలు నొక్కి నొక్కి కాయకాచిన బొటనవేలు. ఉద్యోగం పేరు ల్యాబ్ అసిస్టెంటు. యూనిక్స్ నెట్‌వర్కింగ్ పాఠం మాత్రం నాలుగేళ్లుగా అతనే చెబుతున్నాడు, పెద్ద డిగ్రీల వాళ్లెవరూ అక్కడ మూడు నెలలు నిలవరు కనక. డిగ్రీ తప్పినవాడు, మాన్యువల్ చదువుతూ, తెగిన కేబుళ్లు అతుకుతూ తనంతట తనే నేర్చుకున్నాడు.

పదకొండింటికి పంజాగుట్ట కంపెనీ నుంచి ఫోన్ ఇంటర్వ్యూ ఉంది. అతని కాగితాలు లోపలికి చేర్చింది పాత విద్యార్థి ఫణీంద్ర. "నేనున్నాను కదన్నా, మీరు ఫోన్ ఎత్తితే చాలు" అన్నాడు. అనడూ మరి! నిరుడు అదే కంపెనీ ఇంటర్వ్యూకు ఫోన్ చేస్తే ఏలూరు ఫణీంద్రకు నోరు పెగల్లేదు. పావుగంటసేపు ఫణీంద్ర పేరుతో మాట్లాడింది విజయేందరే. తప్పని తెలుసు. తమ్ముడి లాంటివాడని మాట్లాడాడు.

ఫోన్‌లో ఎవరికీ కనబడదని తెలిసినా టై కట్టుకుని కూర్చున్నాడు. అవతల మేనేజరు రామ్మోహనరావు, ఆయన పక్కన ఫణీంద్ర. ప్రశ్నలు నల్లేరు మీద బండిలా సాగిపోయాయి.

"సబ్‌నెట్ మాస్క్ అంటే ఏంటి? తెలుగులోనే చెప్పండి."

"మా గల్లీల రుద్రమ్మ ఉంటది సార్. పక్కింటికి కూర పంపాలంటే గోడ మీదికెల్లే అందిస్తది. గల్లీ దాటి పోవాలంటేనే పోస్ట్‌మాన్ కావాలె. ఏది మన గల్లీ, ఏది కాదు, గది చెప్పేదే మాస్క్."

"రుద్రమ్మా?" రామ్మోహనరావు ఆగాడు. "ఫణీంద్రా, నిరుడు నీ ఇంటర్వ్యూలో కూడా ఈవిడే కదా?"

విజయేందర్ ఫోన్ చెవికి అదుముకున్నాడు.

"అవును సార్," ఫణీంద్ర అన్నాడు. "ఏలూరులో మా పక్కింటావిడ. ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ చెప్పేవాణ్ణి. ఈయన అక్కడ ల్యాబ్ చూసుకుంటారు, విని ఉంటారు."

రుద్రమ్మ విజయేందర్ తల్లి. ఉండేది బోరబండలో. ఆమె చేతి జొన్నరొట్టె తినని ఆదివారం అప్పట్లో ఫణీంద్రకు లేదు.

నిరుడు మాట్లాడింది తనేనని నిజం చెబితే తానూ దొంగే అవుతాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది విజయేందర్ పని. "బట్టీ పట్టినవాళ్లు మాకొద్దండీ" అని రామ్మోహనరావు మర్యాదగానే ఫోన్ పెట్టేశాడు.

ఉద్యోగం పోతే పోయింది. ఫణీంద్ర అమ్మను పక్కింటావిడను చేశాడే, అది మాత్రం క్షమించలేకపోయాడు.

మధ్యాహ్నం బ్యాచ్‌కు ఆ సబ్‌నెట్ మాస్క్ పాఠమే. బోర్డు మీద మొదట ఇల్లు గీసి దానికి నంబరు వేయడం అతని అలవాటు. గీస్తూ గీస్తూ ఆగి, పక్కన పుస్తకంలోని నిర్వచనం ఇంగ్లీషులో రాశాడు.

"అన్నా, సమజ్ కాలే," ముందు బెంచీలోని నవీన అంది. "జర ఏదన్న ఉదాహరణ చెప్పున్రి."

రుద్రమ్మ పేరు నోటిదాకా వచ్చింది. ఎదురుగా నలభై మంది కలాలు పట్టుకుని కూర్చున్నారు. వీళ్లలో ఎవరు ఆమెను ఏ ఊరికి ఎత్తుకుపోతారో.

"పుస్తకంల ఉన్నదమ్మా. సదువుకోన్రి."

కిందికి వెళ్లి తాళాలు రిసెప్షన్‌లో స్వరాజ్యం ముందు పెట్టాడు.

"రేపు వస్తలేవా అన్నా?"

"లే. ఇగ రాను."

బోరబండ బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు. పైన బోర్డు మీద ఇల్లు అలాగే ఉంది, తలుపు తెరిచి, నంబరు వేయకుండా.