పడుకోబెట్టిన నేల

సర్వేకొచ్చిన ఆఫీసరు సుకుమార్ సారు దూలయ్యను కొట్టలేదు, తిట్టలేదు. సర్వే కాగితంలో 'బీడు' అని ఒక్క మాట రాసి జీపెక్కాడు. ఆ ఒక్క మాటకే దూలయ్య దున్నుకునే చెలక చేజారింది. నాలుగేళ్లయినా ఆ సారు పేరు వింటే ఆయనకు తిన్నది అరగదు.

ఇప్పలగుంపు అనే గూడెంలో నలభై కోయ గడపలు. మూడేళ్లు పండించిన చెలకను రెండేళ్లు పడుకోబెట్టడం వాళ్ల తాతల నాటి కట్టు. బాలింతకు మంచమిచ్చినట్టు, పండిన నేలకు నిద్ర ఇవ్వాలంటారు. అడవి నేల దున్నుకునేవాళ్లకు హక్కు కాగితాలిచ్చే పోడు పట్టాల సర్వే వచ్చిన ఏడాది దూలయ్య చెలక నిద్రలో ఉంది. సాగులో ఉన్న నేలకే పట్టా అనడంతో పక్క ఊరివాళ్లు రాత్రికి రాత్రి నాలుగు గింజలు చల్లి పట్టాలు తెచ్చుకున్నారు. ఈయన మాత్రం సుకుమార్ సారుకు గొప్పగా చెప్పుకున్నాడు.

"ఈ యేడు పడుకోబెట్టినం సారూ. నాగలి ముట్టియ్యం."

ఆయన్ను చూసి మరో పదిమంది అదే నిజం చెప్పారు. మరుసటి వానాకాలానికి ఫారెస్టువాళ్లు పదకొండు చెలకల చుట్టూ కందకం తవ్వి, జామాయిల్ మొక్కలు నాటారు. దూలయ్య భార్య రామక్క అడ్డం పడుకుంటే ఈడ్చి అవతల పడేశారు.

అట్లాంటి గుంపుకు ఇప్పుడు సన్మానం! ఇప్పలగుంపు సేద్యపు వారసత్వాన్ని మెచ్చుకుంటూ శాసనసభ తీర్మానం చేసిందట. దాన్ని ఫ్రేము కట్టించి ఎమ్మెల్యేనే తెస్తున్నాడట. శాలువా దూలయ్యకేనని గుంపు పెద్ద పగిడయ్య పటేల్ కబురు తెచ్చాడు. అందరూ పటేల్ వాకిట్లో కూడారు.

"శాలువా కప్పుకుంటే చెలకొస్తదా బావా?" అంది రామక్క.

"పెద్దోళ్లు గడపకొచ్చినప్పుడు మెల్లగ అడగాలె. లొల్లి జేస్తే ఉన్నది గూడ పోతది" అన్నాడు పటేల్.

"ఉన్నదేంది? నీ చెలక నీకున్నది. మాది జామాయిల్ తాగుతున్నది."

పాల్వంచ నుంచి వచ్చిన కూలీ సంఘం ప్రసూన ఇద్దరినీ ఆపింది. "పోదాం. మన గురించి ఏం రాసిన్రో చెవులార ఇందాం. ఇన్న తర్వాత కొట్లాట."

ఆనాడు తన నోరే పదకొండు గడపల్ని ముంచిందన్న దిగులు దూలయ్యను లోపల తొలుస్తూనే ఉంది.

సన్మానం నాడు శామియానా వేశారు. ఆటగాళ్ల తలలకు కొమ్ములు కట్టించి డోళ్లు కొట్టించారు. విత్తనాల పండుగ బుట్టను కూడా గింజలతో సహా స్టేజీ మీద చూపుకు పెట్టించారు. విత్తే ముందు ప్రతి గడపా దోసెడు గింజలు తెచ్చి అందులో పోస్తుంది. అన్నీ కలిపి పంచుకున్నాకే చెలకలోకి దిగుతారు.

తీర్మానం చదవడానికి మైకు ముందుకొచ్చింది సుకుమార్ సారే.

"...మూడేళ్లు పండించి, రెండేళ్లు నేలతల్లికి విశ్రాంతినిచ్చే వీరి జ్ఞానం రాష్ట్రానికే గర్వకారణమని ఈ సభ తీర్మానిస్తున్నది."

చప్పట్లు మోగాయి. శాలువా భుజాల మీద పడింది. దూలయ్య మైకు దగ్గరికి నడిచాడు.

"సారూ, ఆ ముక్క మళ్లొకసారి సదువు."

సుకుమార్ ఎమ్మెల్యే వైపు చూశాడు. "సదువవయ్యా, పెద్దాయన ముచ్చటపడుతున్నడు" అని నవ్వాడు ఎమ్మెల్యే.

సుకుమార్ చదివాడు. 'రెండేళ్లు' దగ్గర తలెత్తి దూలయ్యను చూశాడు.

"గదే గదా నేను నీకు చెప్పింది!" దూలయ్య గొంతు మైకులో పగిలింది. "నేను చెప్తే బీడయింది. అసెంబ్లీ చెప్తే గర్వమయిందా?"

శామియానా కింద పదకొండు గడపలు లేచాయి. "సదువు సారూ! మళ్ల సదువు!"

"ఆఫీసుకు రాండ్రి, కూసోని మాట్లాడుకుందాం" అన్నాడు ఎమ్మెల్యే.

"నాలుగేండ్ల సంది ఆఫీసుల సుట్టే తిరుగుతున్నరు" అంది ప్రసూన. "ఇయ్యాల ఆఫీసే ఈడికొచ్చింది."

రామక్క విత్తనాల బుట్ట నెత్తికెత్తుకుంది.

"అమ్మా, అది అందరు చూసేటందుకు పెట్టింది!" ఎవరో అరిచారు.

"అవ్. చెలకల చూపిస్తం, రాండ్రి."

ఆమె వెనక జనం, జనం వెనక డోళ్లు. పటేల్ కుర్చీలోనే కాసేపు కూర్చున్నాడు. తర్వాత తువ్వాలు దులుపుకొని లేచాడు. కందకం దాటడానికి రామక్కకు చెయ్యందించింది ఆయనే. జామాయిల్ చెట్ల సందుల్లో జొన్నా కందీ సామా చల్లుకుంటూ పోయారు.

పోలీసులొచ్చారు. "ఎవడు చల్లిండు? పేర్లు చెప్పున్రి!"

"నలభై గడపల గింజలు కలిసినయి సారూ" అన్నాడు పగిడయ్య. "ఎవలిదేదో మీరే ఏరుకోన్రి."

లాఠీలు లేచాయి. దొరికిన ఏడుగురిని జీపులో కుక్కారు. స్టేషన్లో దూలయ్య భుజం మీద శాలువా మట్టి కొట్టుకుపోయి ఇంకా వేలాడుతూనే ఉంది. బయట రోడ్డు మీద డోళ్లు ఆగలేదు. గుంపు గుంపంతా నడిచొచ్చి కూర్చుంది.

"వృత్తి?" అన్నాడు కేసు రాసుకునే రైటర్.

"ఎవుసం" అన్నాడు దూలయ్య.

"భూమెంత?"

"ఉన్నది రాస్తవా, పోయింది రాస్తవా?"

"ఉన్నది చెప్పు."

"కాయితంల ఏం లేదు. పోయింది రాస్కో సారూ, బయటున్నోళ్లు గూడ దాని కోసమే వచ్చిన్రు. మూడెకరాల పదహారు గుంటలు."